మామిడి సీజన్‌కు ముందు ఒక సర్వర్‌ను మూడు డొమైన్లుగా విడదీశాం

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు జూన్, జూలై నెలల్లో రాత్రీపగలూ నడుస్తాయి. తోతాపురి కాయ నింపుకున్న ట్రాక్టర్లు గేటు బయట వరసకట్టి ఉంటాయి. అలాంటప్పుడు వేబ్రిడ్జి దగ్గర కంప్యూటర్ కాసేపు ఆగితే ఏమవుతుందో అక్కడ నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది. అలాంటి ఒక ఫ్యాక్టరీకి తూకం చీటీల అప్లికేషన్, రైతుల పేమెంట్ల అప్లికేషన్ మేమే చూసుకుంటాం. మాది తిరుపతిలో బాలాజీ కాలనీ వైపు ఒక చిన్న ఆఫీసు. రెండు అప్లికేషన్లూ జావాలో రాసినవి. జావా అప్లికేషన్లను నడిపే గ్లాస్‌ఫిష్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి.

ఆ ముందు సీజన్‌లో ఒక సాయంత్రం వేబ్రిడ్జి ఆపరేటర్ ఫోన్ చేశాడు. "మేడమ్, చీటీ రావడం లేదు. బండ్లు రోడ్డు దాకా నిలబడుండాయి. డ్రైవర్లు మా మీదికొస్తా ఉండారు" అన్నాడు. తూకం అప్లికేషన్‌లో తప్పేమీ లేదు. పేమెంట్ల వైపు ఎవరో పెద్ద రిపోర్టు తీయబోయారు, జావాకు ఇచ్చిన మెమరీ మొత్తం అదే తినేసింది. రెండూ ఒకే డొమైన్‌లో, అంటే ఒకే ప్రాసెస్‌లో ఉండటంతో తూకం కూడా ఆగింది. పైగా మేం పరీక్షించుకోవడానికి పెట్టుకున్న కొత్త వెర్షన్ కూడా అందులోనే ఉంది. రీస్టార్ట్ చేస్తే అన్నీ ఒకేసారి పడిపోయి, అన్నీ ఒకేసారి లేచాయి.

సీజన్ అయ్యాక ఈ మూడింటినీ విడదీయాలని తీర్మానించాం. గ్లాస్‌ఫిష్‌లో డొమైన్ అంటే వెబ్‌సైట్ పేరు కాదు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్ ఒకటే ఉంటుంది, దాని మీద ఎన్ని డొమైన్లయినా పెట్టుకోవచ్చు. ఒక్కోదానికి వేరే సెట్టింగులు, వేరే లాగ్, వేరే పోర్టులు (బయటి నుంచి వచ్చే కనెక్షన్లు చేరే నంబర్లు), వేరే జావా ప్రాసెస్. ఒకే మేడలో మూడు పోర్షన్లు, ఎవరి మీటరు వాళ్లది అనుకోండి.

ఈ పనికి బ్రౌజర్‌లో తెరుచుకునే అడ్మిన్ కన్సోల్ కూడా ఉంది, 4848 పోర్టులో వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఫ్యాక్టరీలో నెట్ ఒక డాంగిల్ మీద నడుస్తుంది. ఇక్కడి నుంచి కన్సోల్ తెరిస్తే ఎడమవైపు మెనూ వచ్చి కుడివైపు పేజీ రాదు. దూరం నుంచి కమాండ్లు టైప్ చేయనిచ్చే ఎస్ఎస్‌హెచ్ మాత్రం ఎంత నీరసమైన సిగ్నల్‌లో అయినా నాలుగు అక్షరాలు మోసుకొస్తుంది. నన్ను కమాండ్ లైన్ వైపు తోసింది ఇంకో సంగతి. పాత డొమైన్‌ను సిద్ధం చేసిన మనిషి ఉద్యోగం మారిపోయాడు. కన్సోల్‌లో ఆయన ఎక్కడెక్కడ ఏమేం నొక్కాడో రాసిపెట్టలేదు, రాయమని ఎవరూ అడగనూ లేదు. కమాండ్లతో చేస్తే ఆ కమాండ్లున్న ఫైలే చేసిన పనికి లెక్క. ఈసారి ఒక్క క్లిక్ కూడా ఉండకూడదని మా జూనియర్‌తో ముందే చెప్పేశాను.

గ్లాస్‌ఫిష్‌కు కమాండ్లు ఇచ్చే టూల్ పేరు ఏఎస్-అడ్మిన్. గ్లాస్‌ఫిష్ ఫోల్డర్‌లోపల బిన్ డైరెక్టరీలో ఉంటుంది. సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో గ్లాస్‌ఫిష్‌ను ఓపెన్ సోర్స్‌గా మొదలుపెట్టింది. 2010లో సన్ ఒరాకిల్ చేతికి వెళ్లింది. 2013లో ఒరాకిల్ దాని కమర్షియల్ సపోర్టు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత ప్రాజెక్టు ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు చేరి, 2019 జనవరిలో ఎక్లిప్స్ గ్లాస్‌ఫిష్ 5.1 వచ్చింది. మేం వాడేది అదే. ఇన్ని చేతులు మారినా డొమైన్ల కమాండ్లు పెద్దగా మారలేదు. అందుకే పాత డాక్యుమెంట్లు ఇప్పటికీ పనికొస్తాయి.

మొదట ఆఫీసులో మూలన పడున్న పాత పీసీలో లినక్స్ వేసి, దాని మీదే మొత్తం రిహార్సల్ చేశాం. ఫ్యాక్టరీ సర్వర్ మీద ముందు చేసిన పని చూడటం ఒక్కటే. లిస్ట్-డొమైన్స్ కమాండ్ ఇస్తే డొమైన్1 నడుస్తోందని చెప్పింది. లిస్ట్-అప్లికేషన్స్ ఇస్తే ఏమేం ఎక్కించి ఉన్నాయో వచ్చాయి. తర్వాత గెట్ కమాండ్. గ్లాస్‌ఫిష్‌లో ప్రతి సెట్టింగుకూ చుక్కలతో కలిపిన పొడుగాటి పేరు ఒకటి ఉంటుంది. గెట్ తర్వాత స్టార్ గుర్తు పెడితే మొత్తం సెట్టింగులు కుమ్మరిస్తుంది. ఆ స్టార్‌ను కోట్స్‌లో పెట్టాలి, లేదంటే షెల్ (మనం కొట్టిన కమాండ్‌ను ముందుగా చదివే ప్రోగ్రాం) దాన్ని ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లుగా మార్చేస్తుంది. వచ్చిందంతా ఒక ఫైల్లోకి మళ్లించి, అప్పుడే వేసిన ఖాళీ డొమైన్‌లోని గెట్ ఫలితంతో పక్కపక్కన పెట్టి తేడా చూశాం. పాతాయన ఏమేం మార్చాడో మొత్తం అందులో బయటపడింది. అంత భయపడ్డాం గానీ ఆయన మార్చినవి చాలా తక్కువ. జావా గరిష్ట మెమరీ డిఫాల్ట్ 512 ఎంబీ దగ్గరే ఉంది. డేటాబేస్ కనెక్షన్ పూల్ (అప్లికేషన్ వాడుకోవడానికి సిద్ధంగా ఉంచే కనెక్షన్ల గుంపు) గరిష్ట సంఖ్య కూడా డిఫాల్ట్ 32 దగ్గరే ఉంది. ఆ సాయంత్రం ఫోన్ ఎందుకొచ్చిందో ఇక విడిగా వెతకాల్సిన పని లేకపోయింది.

ఇక కొత్త డొమైన్లు. క్రియేట్-డొమైన్ కమాండ్‌కు పోర్ట్‌బేస్ అనే ఆప్షన్ ఉంది. ఒక అంకె ఇస్తే మిగతా పోర్టులన్నీ దాన్నుంచే లెక్కేసుకుంటుంది. 48 కలిపితే అడ్మిన్ పోర్టు, 80 కలిపితే హెచ్‌టీటీపీ, 81 కలిపితే హెచ్‌టీటీపీఎస్, 86 కలిపితే జేఎంఎక్స్ (సర్వర్ పరిస్థితిని గమనించే దారి). అంటే 10000 ఇస్తే అడ్మిన్ 10048లో, అప్లికేషన్ 10080లో. గుర్తుపెట్టుకోవడం తేలిక కాబట్టి తూకానికి 10000, పేమెంట్లకు 11000, టెస్టుకు 12000 అనుకున్నాం.

జూనియర్ 9000తో మొదలుపెడదామన్నాడు, నేనే వద్దన్నాను. డీబగ్గర్ (కోడ్‌లో తప్పులు వెతికే టూల్) పోర్టు పోర్ట్‌బేస్‌కు 9 కలిపితే వస్తుంది, అంటే 9009. డొమైన్1కి డిఫాల్ట్‌గా ఉన్న డీబగ్గర్ పోర్టు కూడా 9009నే. క్రియేట్-డొమైన్ పోర్టులు ఖాళీగా ఉన్నాయో లేదో చూస్తుంది గానీ, ఆ క్షణంలో ఎవరైనా వాడుతున్నారా అన్నదే చూస్తుంది. ఆపేసి ఉన్న డొమైన్ తాలూకు పోర్టు దానికి కనబడదు. ఎప్పుడో ఒక రాత్రి రెండింటినీ డీబగ్ మోడ్‌లో లేపినప్పుడు తగాదా బయటపడుతుంది, అప్పటికి ఈ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

డొమైన్లు ఒకటికంటే ఎక్కువయ్యాక రెండు అలవాట్లు మార్చుకోవాలి. స్టార్ట్-డొమైన్ అని ఊరికే కొడితే ఏ డొమైనో చెప్పమంటుంది, పేరు ఇచ్చి తీరాలి. లిస్ట్-అప్లికేషన్స్, డిప్లాయ్ (అప్లికేషన్ ఎక్కించేది) లాంటివైతే నడుస్తున్న సర్వర్‌తో మాట్లాడే కమాండ్లు. వాటికి పోర్టు చెప్పకపోతే 4848కే వెళ్తాయి. పోర్టు ఆప్షన్ కమాండ్ పేరుకు ముందు రావాలి, వెనక కాదు. వెనక పెడితే అది ఏఎస్-అడ్మిన్ ఆప్షన్ కాకుండా ఆ కమాండ్ ఆప్షన్ అనుకుంటుంది. మా స్క్రిప్టులో ప్రతి డొమైన్‌కూ పోర్టును పైనే ఒక వేరియబుల్‌లో పెట్టేశాం.

మెమరీ మార్చడం ఒక్క లైను పనే, దానిలోనూ చిన్న మెలిక ఉంది. కొత్త గరిష్ట మెమరీ ఆప్షన్ చేరిస్తే పాత 512 పోదు. డిలీట్-జేవీఎం-ఆప్షన్స్‌తో పాతది తీసి, తర్వాత క్రియేట్-జేవీఎం-ఆప్షన్స్‌తో కొత్తది పెట్టాలి. ఆ ఆప్షన్ హైఫన్‌తో మొదలవుతుంది కాబట్టి ఏఎస్-అడ్మిన్ అది తనకిచ్చిన ఆప్షన్ అనుకోకుండా జాగ్రత్త పడ్డాం. మధ్యలో రెండు హైఫన్లు విడిగా పెట్టి, ఆ తర్వాత అసలుది రాశాం. సర్వర్‌లో ఉన్నది 8 జీబీ. డేటాబేస్ కూడా అక్కడే ఉంది. తూకానికి 1 జీబీ, పేమెంట్లకు 2 జీబీ ఇచ్చి, టెస్టును 512 దగ్గరే వదిలేశాం. అది పడిపోతే మాకే నష్టం, ఫ్యాక్టరీకి కాదు.

అందరికంటే ఎక్కువ సతాయించింది డేటాబేస్ కనెక్షన్ పూల్. క్రియేట్-జేడీబీసీ-కనెక్షన్-పూల్ కమాండ్‌లో యూజర్, పాస్‌వర్డ్, డేటాబేస్ అడ్రస్ అన్నీ ప్రాపర్టీ ఆప్షన్‌లో ఒకే వరసలో ఇవ్వాలి. వాటిని విడదీసేది కోలన్. మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, దాని అడ్రస్‌లోనేమో లోపలే కోలన్లు ఉంటాయి. ప్రతి కోలన్ ముందూ బ్యాక్‌స్లాష్ పెట్టాలి, ఆ బ్యాక్‌స్లాష్‌ను షెల్ మింగేయకుండా మొత్తాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టాలి. నాకు ఆ అడ్రస్ చూస్తేనే చిరాకేసింది. పూర్తి అడ్రస్ మానేసి సర్వర్ పేరు, డేటాబేస్ పేరు విడివిడి ప్రాపర్టీలుగా ఇచ్చాం. మైఎస్‌క్యూఎల్ మామూలు పోర్టులోనే ఉంది కాబట్టి పోర్టు చెప్పే అవసరం రాలేదు. జావాను డేటాబేస్‌తో మాట్లాడించే డ్రైవర్ జార్ ఫైల్‌ను ప్రతి డొమైన్ లిబ్ ఫోల్డర్‌లోనూ వేసి రీస్టార్ట్ చేశాం.

పాస్‌వర్డ్‌ను కమాండ్‌లో నేరుగా రాస్తే డొమైన్ సెట్టింగులుండే డొమైన్.ఎక్స్ఎంఎల్ ఫైల్లో అందరికీ కనబడేలా కూర్చుంటుంది. దానికి అలియాస్ అనే ఏర్పాటు ఉంది. క్రియేట్-పాస్‌వర్డ్-అలియాస్‌తో పాస్‌వర్డ్‌ను ఒక పేరు కింద దాచి, పూల్‌లో డాలర్ గుర్తు, మీసాల బ్రాకెట్లు, లోపల క్యాపిటల్స్‌లో అలియాస్, ఈక్వల్ గుర్తు, ఆ పేరు ఇస్తే సరిపోతుంది. మావాడు అలాగే రాశాడు. కమాండ్ విజయవంతంగా పూర్తయిందని కూడా వచ్చింది. కనెక్షన్ అందుతోందో లేదో చూసే పింగ్-కనెక్షన్-పూల్ కొడితే మాత్రం డేటాబేస్ లోపలికి రానివ్వలేదు, యాక్సెస్ డినైడ్. అలియాస్ చెరిపి మళ్లీ పెట్టాడు, పాస్‌వర్డ్ మార్చి చూశాడు, డేటాబేస్ యూజర్ అనుమతులు చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి.

"అక్కా, ఇదేదో గ్లాస్‌ఫిష్ బగ్ అనిపిస్తా ఉంది" అన్నాడు.

"డొమైన్.ఎక్స్ఎంఎల్ తెరిచి చూడబ్బా, లోపల ఏం రాసుకుందో" అన్నాను.

పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట డాలరూ లేదు, బ్రాకెట్లూ లేవు. అలియాస్ పేరు ఒక్కటే ఉంది. స్క్రిప్టులో వాడు ఆ లైన్‌ను డబుల్ కోట్స్‌లో పెట్టాడు. డబుల్ కోట్స్‌లో డాలర్, బ్రాకెట్ కనబడితే బ్యాష్ (లినక్స్‌లో మామూలుగా వాడే షెల్) ఊరుకోదు, అది తన వేరియబుల్ అనుకుంటుంది. తమాషా ఏమిటంటే, బ్రాకెట్లలో ఒక పేరు, ఈక్వల్ గుర్తు, ఒక విలువ రాయడం బ్యాష్‌లో పూర్తిగా చెల్లుబాటయ్యే వాక్యం. ఆ పేరున్న వేరియబుల్ లేకపోతే ఆ విలువతో దాన్ని తయారుచేసి, విలువనే అక్కడ పెట్టు అని దానర్థం. అందుకే ఎర్రర్ రాలేదు, హెచ్చరికా రాలేదు. బ్యాష్ తన పని నిక్కచ్చిగా చేసింది, గ్లాస్‌ఫిష్ తనకు అందింది రాసుకుంది, పాపం మైఎస్‌క్యూఎల్ మాత్రం తలుపు తీయలేదు. సింగిల్ కోట్స్ పెట్టగానే పింగ్ వెళ్లింది. ఏఎస్-అడ్మిన్ వాడేవాళ్లకు నేను ఒక్క మాటే చెప్పాల్సి వస్తే ఇదే చెబుతాను: డాలర్, స్టార్, బ్యాక్‌స్లాష్ ఏది కనబడినా సింగిల్ కోట్స్.

అడ్మిన్ పాస్‌వర్డ్ అడగకుండా స్క్రిప్టు నడవాలంటే పాస్‌వర్డ్‌ఫైల్ ఆప్షన్ ఉంది. ఆ ఫైల్‌ను మన యూజర్ తప్ప ఎవరూ చదవకుండా పర్మిషన్ 600 పెట్టాం. ఇంతవరకు తేలికే. మాస్టర్ పాస్‌వర్డ్ దగ్గర ఆలోచించాల్సి వచ్చింది. అలియాస్‌లనూ సర్టిఫికెట్లనూ తాళం వేసి ఉంచేది అది. ఏమీ ఇవ్వకపోతే ప్రతి గ్లాస్‌ఫిష్‌కూ అదే పాస్‌వర్డ్, "చేంజ్ఇట్". ప్రపంచమంతా తెలిసిన తాళం. అది మారిస్తే డొమైన్ లేచే ప్రతిసారీ మాస్టర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎండాకాలం కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, తెల్లవారుజామున సర్వర్ తనంతట తాను లేచినప్పుడు అక్కడ టైప్ చేసేవాళ్లెవరు? వాచ్‌మన్ తాతకు పాస్‌వర్డ్ చెప్పలేం కదా. సేవ్-మాస్టర్-పాస్‌వర్డ్ ఆప్షన్‌తో దాన్ని డిస్క్ మీదే ఉంచాం. భద్రత పుస్తకాల ప్రకారం ఇది ఒక మెట్టు కిందికి దిగడమే. ఆ మెషీన్‌లో లాగిన్ ఉన్నది మా ఇద్దరికే కాబట్టి నాకు ఈ బేరం నచ్చింది.

దూరం నుంచి అడ్మిన్ పని చేయాలంటే ఎనేబుల్-సెక్యూర్-అడ్మిన్ ఇవ్వాలి. మేం ఇవ్వలేదు. ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి అక్కడే కమాండ్ కొడతాం, అడ్మిన్ పోర్టులు మూడూ ఫైర్‌వాల్‌లో మూసే ఉంటాయి.

రిహార్సల్ చేస్తున్నప్పుడు ఒక ఇబ్బంది గమనించాం. ఏఎస్-అడ్మిన్‌ను పిలిచిన ప్రతిసారీ అది ఒక జావా ప్రాసెస్ లేపి, పని చేసి, చచ్చిపోతుంది. పాత పీసీలో ఒక్కో కమాండ్‌కూ తలెత్తి ఫ్యాన్ చూడాల్సి వచ్చేది. వరసగా చూసుకుంటూ పోవాలంటే మల్టీమోడ్ మేలు. ఒకసారి లోపలికి వెళ్తే జావా లేచే ఉంటుంది, కమాండ్లు టకటకా నడుస్తాయి. అసలు స్క్రిప్టు మాత్రం మామూలు షెల్‌లోనే ఉంచాం. ఒక్క కమాండ్ విఫలమైనా ఏఎస్-అడ్మిన్ సున్నా కాని కోడ్ తిరిగిస్తుంది, స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. సగం తయారైన డొమైన్ మీద అప్లికేషన్ ఎక్కించడం కంటే ఆలస్యమే నయం.

స్క్రిప్టును పెన్ డ్రైవ్‌లో వేసుకుని చిత్తూరు బస్సెక్కాం. చంద్రగిరి, పూతలపట్టు దాటి అక్కడికి చేరేసరికి ఫ్యాక్టరీ ఖాళీగా ఉంది. ఆఫ్ సీజన్‌లో అక్కడ వేబ్రిడ్జి మీద కుక్కలు పడుకుని ఉంటాయి. స్క్రిప్టు మొదలుపెట్టి టీ తాగి వచ్చాం. మూడు డొమైన్లూ లేచాయి, పింగ్‌లూ వెళ్లాయి.

కరెంటు సంగతి అక్కడే తేల్చుకోవాలనిపించింది. ఒక్కో డొమైన్‌కు ఒక సిస్టమ్‌డీ (లినక్స్ లేచేటప్పుడు ప్రోగ్రాములను లేపేది) సర్వీస్ రాసి ఉంచాం. స్టార్ట్-డొమైన్ సర్వర్ పూర్తిగా లేచాకే తిరిగొస్తుంది కాబట్టి సర్వీస్ రకం ఫోర్కింగ్ అని పెట్టాలి. మెయిన్ స్విచ్ కట్టేయమన్నాం. తిరిగి వేస్తే తూకం, పేమెంట్లు లేచాయి, టెస్ట్ లేవలేదు. పాత హార్డ్ డిస్క్ మీద మూడు జావాలూ మైఎస్‌క్యూఎలూ ఒకేసారి లేవబోతే టైం పట్టింది. సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు చూసి, లేవలేదని తేల్చేస్తుంది. ఆ గడువు పెంచి, ముందు డేటాబేస్, తర్వాత తూకం, ఆ తర్వాతే మిగతావి అని వరస పెట్టాం. మళ్లీ స్విచ్ కట్టేస్తే ఈసారి అన్నీ వచ్చాయి. ఎలక్ట్రీషియన్ మాత్రం "ఇంకెన్నిసార్లు సార్ ఆడుకుంటారు" అన్నట్టు మావాడి వైపు చూశాడు.

బ్యాకప్‌కు బ్యాకప్-డొమైన్ ఉంది. డొమైన్ ఆపి ఇవ్వాలి, జిప్ ఫైల్ చేసి పెడుతుంది. అయితే ఆ జిప్ డిఫాల్ట్‌గా అదే డొమైన్ ఫోల్డర్‌లోపల బ్యాకప్స్ అనే ఫోల్డర్‌లో పడుతుంది. డిలీట్-డొమైన్ కొడితే ఫోల్డర్ మొత్తం పోతుంది, బ్యాకప్‌లతో సహా. అందుకే బ్యాకప్‌డిర్ ఆప్షన్‌తో వేరే డిస్క్‌కు మళ్లించాం. ఇది డేటాబేస్ బ్యాకప్ కాదని ఫ్యాక్టరీ మేనేజర్‌కు విడిగా చెప్పాల్సి వచ్చింది. తూకం లెక్కలు ఉండేది డేటాబేస్‌లో, దాని కథ వేరు.

సీజన్ మధ్యలో ఎక్కువ ఉపయోగపడింది నేను మొదట్లో పెద్దగా పట్టించుకోని ఒక సౌకర్యం. అప్లికేషన్ ఎక్కించేటప్పుడు పేరు తర్వాత కోలన్ పెట్టి వెర్షన్ ఇవ్వొచ్చు. పాతది తీసేయకుండా కొత్తది పక్కనే కూర్చుంటుంది. ఒక సమయంలో ఒకటే పనిచేస్తుంది. కొత్తది బాగా లేకపోతే పాత వెర్షన్‌కు ఎనేబుల్ అని ఒక్క కమాండ్ కొడితే చాలు, కొత్తది దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. జూలైలో కాయ ధర రోజుకో రకంగా మారుతుండగా ధరల స్క్రీన్ ఒకటి మార్చి ఎక్కించాం. రౌండింగ్ తేడా వచ్చిందని అకౌంట్స్ నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు నేను గాంధీ రోడ్డులో కూరగాయలు కొంటున్నాను. ఫోన్‌లోనే ఎస్ఎస్‌హెచ్ తెరిచి, పక్కకు నిలబడి ఎనేబుల్ కొట్టాను.

పేమెంట్ల డొమైన్ ఆ సీజన్‌లోనూ ఒకసారి మెమరీ చాలక పడింది. అకౌంట్స్ వాళ్లు ఫోన్ చేశారు, దాన్ని ఆపి లేపాం. స్టాప్-డొమైన్ మామూలుగా వినకపోతే కిల్ ఆప్షన్ ఇవ్వాల్సి వచ్చింది. వేబ్రిడ్జి నుంచి ఫోన్ రాలేదు. నేనే చేసి "చీటీలు వస్తున్నాయా" అని అడిగితే, "ఎందుకు మేడమ్, ఏమైంది?" అన్నాడు ఆపరేటర్.

మిగిలిన పని ఒకటుంది. గ్లాస్‌ఫిష్ 5.1 జావా 8 మీదే నడుస్తుంది. 6వ వెర్షన్ నుంచి జావాఎక్స్ అని ఉన్న ప్యాకేజీ పేర్లన్నీ జకార్తా అయిపోయాయి కాబట్టి, సర్వర్ ఒక్కటి మారిస్తే మా అప్లికేషన్లు అసలు లేవవు. కోడ్‌లో ఇంపోర్టులన్నీ మార్చి, వాడే లైబ్రరీల కొత్త వెర్షన్లు వెతకాలి. టెస్ట్ డొమైన్ కోసం కొత్త గ్లాస్‌ఫిష్‌ను వేరే ఫోల్డర్‌లో పెట్టి, 13000 పోర్ట్‌బేస్‌తో ఒక డొమైన్ వేసి మావాడు ఇప్పటికే మొదలుపెట్టాడు. వచ్చే కాయలోపు అయితే మార్చేస్తాం, లేదంటే ఇంకో సీజన్ పాతదాని మీదే.